వెనక్కి చూస్తే మాయమయ్యే వంతెన

"ఆ గేమ్ అడగొద్దు. ఉంది, కానీ ఇవ్వను."

కౌంటర్ దగ్గర కంట్రోలర్ విప్పి బటన్లు తుడుస్తున్న అమ్మాయి తలెత్తకుండానే తేల్చేసింది. వాళ్ళన్నయ్య నడిపే గేమింగ్ సెంటర్‌లో పగలంతా ఆమెదే రాజ్యం.

"ఎందుకండీ?" అన్నాడు వానలో తడిసొచ్చిన అబ్బాయి.

"మొదటి భాగం ప్రాణం పెట్టి ఆడాను. రెండోదాని కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. తీరా వచ్చాక, తుపాకీ పేలిస్తే గుండు ముందు, చప్పుడు తర్వాత. శత్రువులేమో గోడల్లో ఇరుక్కుని చేతులూపుతుంటారు. పోనీ అదైనా ఓర్చుకోవచ్చు. ఇద్దరు కలిసి ఆడితే ఆ వంతెన మీద వెనకున్నవాళ్ళు ఉన్నట్టుండి లోయలో పడిపోతారు. కట్టిన మహానుభావుడెవరో గానీ దణ్ణం పెట్టాలి."

"పెట్టండి. నేనే."

ఆమె నాలుక కరుచుకుంది. సారీ మాత్రం చెప్పలేదు.

"ఆఫీసులో ఎంత ఆడినా ఒక్కసారీ పడట్లేదు," అన్నాడతను. "శుక్రవారంలోగా తప్పు దొరక్కపోతే ఇద్దరాట మొత్తం తీసేస్తామంటున్నారు మా మేనేజర్. బయటివాళ్ళు ఎలా ఆడతారో చూద్దామని వచ్చాను."

ఇద్దరాట తీసేస్తే ఇక ఆ గేమ్‌లో మిగిలేదేముంది? అన్నయ్య పక్కన కూర్చుని పోట్లాడుతూ ఆడిన ఆటది. ఆమె జుట్టు ముడేసుకుని రెండు కుర్చీలు లాగింది.

"కూర్చోండి. దాని సంగతేంటో తేల్చేద్దాం."

ఆ రోజు తేలలేదు. మర్నాడూ తేలలేదు. అతను పడుతూనే ఉన్నాడు.

"దెబ్బలేం తగల్లేదుగా?" అని ఏడిపించేది ఆమె. అతను నవ్వి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ మొండితనం ఆమెకు తెగ నచ్చేసింది.

గురువారం ఆమెకు అనుమానమొచ్చింది. "ఆఫీసులో ఎలా ఆడారో అచ్చం అలాగే ఆడండి."

అతను రెండు కంట్రోలర్లూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కో చేత్తో ఒక్కో సైనికుణ్ణి నడిపించాడు. ఇద్దరూ తిన్నగా అవతలికి చేరారు.

"ఇద్దరాట ఒక్కరే ఆడారా?"

"అందరూ పని ఒత్తిడిలో ఉన్నారు. ఎవర్ని పిలవను?"

నవ్వుదామనుకున్న ఆమెకు నవ్వు రాలేదు. ఒక కంట్రోలర్ లాక్కుని ముందు నడిచింది. సగం దారిలో వెనక్కి తిరిగింది. అతను పడ్డాడు. మరోసారి తిరగకుండా నడిచింది. అతను దాటేశాడు.

"మీరెందుకు వెనక్కి తిరుగుతున్నారు?" అన్నాడతను.

"మీరొస్తున్నారో లేదో చూడాలిగా."

అతను కంట్రోలర్ పక్కన పెట్టాడు. "నడిచేకొద్దీ వంతెన ముక్కలు ఏర్పడతాయి. ముందున్నవాళ్ళు ఎటు చూస్తే అటు ఇంకా నడవని దారనుకుంటోంది గేమ్. మీరు తిరగ్గానే నా కాళ్ళకింది ముక్క తీసేస్తోంది. ఒక్కణ్ణే ఆడాను కదా, వెనక్కి చూడాలని నాకు తట్టనే లేదు."

శుక్రవారం సాయంత్రం, మళ్ళీ వానలోనే, సరిచేసిన గేమ్‌తో వచ్చాడు. అన్నయ్య కౌంటర్ దగ్గరే ఉన్నాడు. ఆమె వంతెన మధ్యకెళ్ళి తిరిగి చూసింది. అతను నిలబడే ఉన్నాడు.

"ఇద్దరాట ఉంచుతున్నారు," అన్నాడతను. "కానీ రేపట్నుంచి రావడానికి నాకు సాకు లేదు. మీరంటే ఇష్టం. అందుకోసం వస్తే సరిపోతుందా?"

ఆమె కంట్రోలర్ కింద పెట్టలేదు.

"తుపాకీ చప్పుడు ఇంకా సరిచెయ్యలేదు. గోడల్లోవాళ్ళు అలాగే ఉన్నారు. అంత తేలిగ్గా వదుల్తాననుకున్నారా? రోజూ రండి."

కౌంటర్ వెనకనుంచి అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"బావగారికి తువ్వాలివ్వమ్మా. మొదటిరోజూ తడిసే వచ్చారటగా, అప్పుడే ఇవ్వాల్సింది."