పదో నెంబరుకి చోటు లేదు

ఫుట్‌బాల్ సెమీఫైనల్ జట్టు పట్టికని కోచ్ మేడమ్ డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటించేసరికి, అనలిస్టు మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. వెనక నలుగురు, మధ్యన నలుగురు, ముందు ఇద్దరు. ఆ వరసల నడుమ తిరుగుతూ ఆట నడిపించే పదో నెంబరుకి అందులో చోటే లేదు. ఆ అమ్మాయి పేరు బెంచీ మీద ఉంది. ఆమె ఆట చూడ్డానికి వాళ్ల నాన్న మొట్టమొదటిసారి రేపే వస్తున్నాడట.

ఆమెని బెంచీ ఎక్కించింది ఇతని రిపోర్టే. మ్యాచ్ వీడియోలు చూసి ఎవరెలా ఆడారో రాయడం ఇతని ఉద్యోగం. పదో నెంబరు గురించి, ‘బంతి జోలికి రాదు, చుట్టపుచూపుగా వచ్చినట్టు ఆడుతోంది’ అని రాశాడు.

అలా రాయడానికి ఎవరికీ చెప్పుకోలేని కారణం ఇంకొకటుంది. ఆ అమ్మాయంటే ఇతనికి ఇష్టం. ఆమె షూ లేసు కట్టుకుంటున్నా సరే, ఇతని కళ్లు అక్కడే అతుక్కుపోయేవి. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని అందరికన్నా ఆమెకే తక్కువ మార్కులు వేశాడు. నిష్పక్షపాతమంటే అదేననుకున్నాడు మహానుభావుడు.

మనసు ఆగక, ఆ రాత్రి, కిందటి మ్యాచ్‌కి స్టాండ్ పైమెట్టు మీద పెట్టిన రెండో కెమెరా వీడియో వేసి చూశాడు. మొదటి కెమెరా ఎంతసేపూ బంతి వెంటే పరిగెడుతుంది. ఇందులో మైదానమంతా కనబడింది. పదో నెంబరు పక్కకి పరిగెత్తగానే ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు ఆమె వెంట పడ్డారు. వాళ్లు ఖాళీ చేసిన చోటులోంచే గోలు పడింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెల్లారగానే ఆ తలనే మోసుకుంటూ జట్టంతా కూర్చున్న గదిలోకి వెళ్లాడు.

“తప్పు నాది మేడమ్. నేను బంతిని చూశాను, ఆటని చూడలేదు.”

కోచ్ మేడమ్ వీడియో రెండుసార్లు చూసింది. బోర్డు తుడిచి, ముందు ఒక్కరినే ఉంచి, ఆమె వెనక నడిమధ్యన పది అంకె వేసింది. తర్వాత తీరిగ్గా ఇతని వైపు తిరిగింది.

“ఇంకెవరి గురించీ ఇలా రాయలేదే. ఈ పిల్ల మీద నీకేం కోపమయ్యా?”

“కోపం కాదు మేడమ్...” అని ఆగిపోయాడు.

అంతే. చెవులు కందిపోయాయి. ఆ ‘కాదు’ తర్వాత రావలసిన మాటని గదిలో పద్దెనిమిదిమందీ పూరించుకున్నారు. గోల్‌కీపరుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. పదో నెంబరు మాత్రం నవ్వలేదు.

వరండాలో అతన్ని ఆపింది. నాన్నకి ఫోన్ చేసి రావద్దని ఎలా చెప్పాలా అని రాత్రంతా ఏడ్చిందట. అతను క్షమించమన్నాడు, నేలకి చెబుతున్నట్టు.

“ఇష్టమున్నట్టు తెలిసిపోతుందని నన్ను బెంచీ ఎక్కించారు. బాగుంది. రేపు మన ఇంట్లో ఏదైనా గొడవొస్తే, న్యాయంగా ఉండాలని పక్కింటావిడ తరఫున మాట్లాడతారా?”

“అయ్యో, లేదండీ, అలా ఎప్పుడూ చెయ్యను,” అని ఒట్టు వేసేదాకా, ‘మన ఇంట్లో’ అన్న మాట అతని బుర్రకెక్కలేదు.