నెమలి కాలి వెనక వేలు

నెమలిగుట్ట దుర్గం చుట్టూ శత్రుసేన విడిసి అప్పటికి డెబ్బైరెండు దినాలు. తూర్పున ఏరు మొదలుకొని పడమటి చింతతోపుల దాకా కనుచూపు మేరంతా డేరాలు, ఏనుగుల్ని కట్టిన గుంజలు, వంటపొయ్యిల పొగ. వాటి నడుమ ఏడు బురుజులతో, నల్లరాతి గోడలతో, నీరడుగంటిన బావులతో ఒంటరిగా నిలిచిన కోట. లోపల గుర్రాలను కోసుకు తినడం మొదలై వారం దాటింది. రాజు తొలినాటి పోరులోనే బాణం తగిలి కన్నుమూయగా, ఆయన దేవేరి పోతలదేవి రాజముద్ర ఉంగరాన్ని తన వేలికి తొడుక్కొని, కన్నీరు తుడుచుకునే తీరికైనా లేక రాజ్యం చేస్తున్నది. ఆమెకు కుడిభుజం ఉత్తరద్వారం కాస్తున్న సేనాని కాటయ నాయకుడు. ఎడమభుజమని ఆమె నమ్మినవాడు మంత్రి గుండన ప్రెగ్గడ. ఆ రెండో నమ్మకమే ఆమె కొంప ముంచబోయింది.

కానీ ఈ కథ రాణిదీ కాదు, సేనానిదీ కాదు. కొమ్మోజు అనే కంసాలిది. రాతి మీద తమ పేర్లు చెక్కించుకోవడానికి తొందరపడ్డ పెద్దలెవరికీ ఆయన పేరు చెక్కించాలని తోచలేదు, అందుకే నేను చెప్పవలసివస్తున్నది.

ఆస్థాన కంసాలిగా చేరమని కొమ్మోజును మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ ఆయన దణ్ణం పెట్టి వెనుదిరిగాడు. "కొలువులో ఉంటే అడిగిన నగ చెయ్యాలి దేవరా, నా కొలిమి ముందు కూర్చుంటే నా కంటికి కనబడిన నగ చేస్తాను," అన్నాడట. ఆయన కంటికి కనబడేవి కూడా విడ్డూరమే. కాకరతీగ కొస ఎన్ని మెలికలు తిరిగి కొమ్మను పట్టుకుంటుందో చూడటానికి ఒక పూటంతా పాదు కింద కూర్చునేవాడు. తొలకరిలో ఆరుద్ర పురుగు నడకను చూస్తూ తడినేల మీద బోర్లా పడుకునేవాడు. "కొమ్మోజుకు పురుగు పట్టింది," అని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి అదే పురుగు ఎర్రదనం కెంపుల కమ్మలై ఎవరి చెవులకో మెరిస్తే, ఆ నవ్విన నోళ్ళే తెరుచుకుని ఉండిపోయేవి. చేసిన ప్రతి నగనూ ముందుగా ఆయన భార్య బాచమ్మ ఒక రోజంతా పెట్టుకునేది. దంపేటప్పుడూ, నీళ్ళు మోసేటప్పుడూ కొక్కెం కొంగుకు తగులుకున్నా, చెవికి బరువైనా మళ్ళీ కొలిమికే. ఆమె సరేనన్నాకే అది గడప దాటేది.

ఇంత పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందంటే, ఒక తప్పు నుంచి. ఇరవైరెండేళ్ళ ప్రాయంలో రాజముద్రను చెక్కినవాడు కొమ్మోజే. కొమ్మ మీద వాలిన నెమలి ఆ ముద్ర. అప్పటికి ఆయన నెమలిని దగ్గరగా చూడలేదు, పాత బొమ్మల్ని చూసి చెక్కాడు. ఏడాది తర్వాత అడవిలో చూశాడు: పక్షి కాలికి ముందు మూడు వేళ్ళు, కొమ్మను బిగించడానికి వెనక ఒక వేలు. ముద్రలోని నెమలికి ఆ వెనక వేలు లేదు. ఆనాడు ఆయనకు అన్నం సహించలేదు. పరుగున పోయి దిద్దుతానని వేడుకుంటే రాజు నవ్వి, "నెమలి వేళ్ళు లెక్కపెట్టేదెవడోయ్! ముద్రను మార్చడం అరిష్టం," అని పంపేశాడు. అప్పటినుంచి కళ్ళారా చూడనిదేదీ కొమ్మోజు చెయ్యలేదు. తన సిగ్గును ఒక్క కాటయ నాయకుడికి మాత్రం చెప్పుకున్నాడు. నాయకుడు పకపకా నవ్వాడు గాని, ఆ తర్వాత ఏ ఆజ్ఞాపత్రం వచ్చినా ఆయన చూపు ముందు ఆ కాలి మీదికే పోయేది.

డెబ్బైరెండో నాడు గుండన ప్రెగ్గడ కొమ్మోజును తన లోగిలికి పిలిపించి, తలుపులు మూయించి, ఒక పాత పత్రం ముందు పెట్టాడు. దాని మీద లక్కతో వేసిన రాజముద్ర ఉన్నది.

"కొమ్మోజూ, ఈ కోట నిలవదు. కూలే గోడ కింద నా తల పెట్టే మూఢుణ్ణి నేను కాను. అవతలి ప్రభువు ఈ సీమను నాకు ఇస్తానని మాట ఇచ్చాడు. ఉత్తరద్వారపు కావలి తీసివెయ్యమని కాటయకు ఒక ఆజ్ఞ పోవాలి, దానికి ముద్ర కావాలి. నీ ఇల్లాలు పక్కగదిలో ఉన్నది. ముద్ర అచ్చంగా దిగితే నీతో ఇంటికి వస్తుంది. దిగకపోతే ఆమె శవాన్ని మోసుకుపోదువుగాని."

గోడ అవతల బాచమ్మ గాజుల చప్పుడు వినబడింది. కొమ్మోజు పనిముట్లు తెమ్మన్నాడు.

మూడు రోజులు చెక్కాడు. పత్రం మీది ముద్రను గీతకు గీత చూసుకుంటూ, తోక పింఛాన్నీ, మెడ వంపునూ, కొమ్మ మీది మూడాకులనూ దించాడు. లోపం కూడా దించాలనే అనుకున్నాడు. మూడోనాటి పగలు కాలి దగ్గరికి వచ్చాడు. పక్కగదిలో బాచమ్మ దగ్గుతున్నది, ఆయన మనసంతా ఆ దగ్గు మీదనే ఉన్నది. తేరుకుని లక్క మీద ఒత్తి చూసుకునేసరికి, నెమలి నాలుగు వేళ్ళతో కొమ్మను చక్కగా పట్టుకొని కూర్చున్నది. చెక్కిన గీతను పూడ్చే వీలు లేదు. గుండన పత్రాన్నీ ముద్రనూ పక్కపక్కన పెట్టి, పింఛం చూశాడు, మెడ చూశాడు, "భేష్!" అన్నాడు.

మరునాటి మధ్యాహ్నం ఆజ్ఞాపత్రం ఉత్తర బురుజుకు చేరింది. కాటయ నాయకుడు దాన్ని విప్పి, అలవాటుగా ముద్రలోని నెమలి కాలి వంక చూశాడు. వెనక వేలు కనబడింది. వెంటనే పత్రం తెచ్చినవాణ్ణి పెడరెక్కలు విరిచి కట్టించి, కావలి రెట్టింపు చేసి, తానే రాణి దగ్గరికి నడిచాడు. సాయంత్రానికల్లా గుండన పట్టుబడ్డాడు, బాచమ్మ విడుదలైంది. బురుజు మీదనుంచి తోసే ముందు సంగతి చెబితే గుండన నమ్మలేకపోయాడు. "వేలా? ఒక పక్షి కాలి వేలా?" అని అడుగుతూనే పోయాడు.

ఇక కొమ్మోజును సభలో నిలబెట్టారు. దొంగముద్ర చెక్కిన చేతిని నరకాలని ఆ రాజ్యపు కట్టడి. కాటయ నాయకుడు లేచి చేతులు జోడించాడు.

"మహారాణీ, ఈతడు ద్రోహి కాడు. ఆ వేలు నాకు పంపిన హెచ్చరిక. ఈ గుట్టు మా ఇద్దరికే తెలుసు గనుక, నేను పసిగడతానని తెలిసే చెక్కాడు. ఈనాడు మనం ప్రాణాలతో ఉన్నామంటే ఈతని చలవే. చెప్పు కొమ్మోజూ, అవునని దేవితో చెప్పు!"

సభంతా ఆయన నోటి వంక చూసింది. అవునంటే చాలు. రాణి కూడా ఆ మాటకే ఎదురుచూస్తున్నది. కొమ్మోజు తల పైకెత్తాడు.

"కాదు తల్లీ. నేను చెయ్యని పని నాదని ఎన్నడూ చెప్పుకోలేదు, ఇవాళా చెప్పుకోలేను. నా బాచమ్మ బతకాలని కోటను అమ్మడానికే కూర్చున్నాను. వేలు పడ్డదని తెలిశాక నాయకులవారు దాన్ని చూడకూడదని దేవుళ్ళకు మొక్కుకున్నాను. ద్రోహం తలచింది నా మనసు. చెయ్యి మాత్రం తప్పుపని చెయ్యలేక దిద్దేసింది."

పోతలదేవి కళ్ళు మూసుకున్నది. తెరిచి ఆయన వంక సూటిగా చూసింది.

"ఈ గోడల మీద ఆకలితో నిలబడ్డవాళ్ళకూ ఇళ్ళలో భార్యలున్నారు కొమ్మోజూ. నిన్ను విడిచిపెడితే వాళ్ళ మొహాలు నేనెట్లా చూడను? మనసును నరికే కత్తి నా దగ్గర లేదు. ఏదైనా కోరిక ఉంటే అడుగు."

"ఒక్కటే తల్లీ. చెయ్యి ఉండగానే ఆ ఉంగరం ఇప్పించండి. అసలు ముద్రను దిద్ది ఇస్తాను."

రాణి తన వేలి వంక చూసుకొని తల అడ్డంగా ఊపింది. "ఈ లోపమే నా కోటను కాచింది. దీన్ని తాకనివ్వను."

అంతవరకు నిబ్బరంగా ఉన్న కొమ్మోజు ఆ మాటకు భోరుమని ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, దిమ్మ మీద కుడిచెయ్యి తానే చాచాడు. కాటయ నాయకుడు ఎత్తిన కత్తిని మళ్ళీ దించడం చూసి, "ఒక్క వేటుకే తెగనివ్వండి నాయకా. సగం పని నాకు గిట్టదు," అన్నాడు. నాయకుడు ఆ మాట చెల్లించాడు.

పద్దెనిమిది రోజులకు వానలు పడి ఏరు పొంగి శత్రువులు డేరాలెత్తారు. కోటలో జయభేరి మోగింది. బాచమ్మ మాత్రం సభనాడే ఆ చేతిని తన కొంగులో చుట్టుకొని ఇంటికి పోయింది. కర్మ చెయ్యమని పురోహితుణ్ణి అడిగితే, మనిషి బతికుండగా చేతికి కర్మ చేసే ఆచారం లేదన్నాడు. "ఆయనలో బతికినది అదేనయ్యా, మీకు తెలియదు," అని ఆమె తానే గొయ్యి తవ్వి, గోళ్ళ సందుల్లోని బంగారు రజను తుడవకుండానే కొలిమి పక్కన పూడ్చిపెట్టింది. ఆ ఇంట్లో కొలిమి మళ్ళీ రాజుకోలేదు.