అవ్వకు గది

ఆదివారం పొద్దున్నే టిఫిన్లు అయిపోగానే కల్పన డైనింగ్ టేబుల్ తుడిచి దాని మీద తెల్లకాగితాలు పరిచింది. ఉరవకొండ బైపాసు పక్కన కొన్న స్థలంలో కొత్తిల్లు కట్టాలని రెండేళ్ళుగా ఇంట్లో అనుకుంటూనే ఉన్నారు. ప్లాను ఎవరితో గీయించాలన్న మాట వచ్చినప్పుడల్లా కల్పన తండ్రి బదరీనారాయణ ఒకటే అనేవాడు, "బయటోల్లెందుకప్పా, మన పాప లేదా?"

ఆ పాపకు ఇరవై అయిదేళ్ళు. బెంగుళూరులో అయిదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివి, ఏడాదిన్నరగా అనంతపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. కొత్తగా చేరినవాళ్ళ చేతికి ఇల్లు మొత్తం ఎవరూ ఇవ్వరు. కల్పనకు బాత్రూములు ఇచ్చారు. టైలు ఎక్కడ మొదలుపెట్టాలి, కమోడు గోడకు ఎంత దూరంలో ఉండాలి, నేల ఎటు వాలాలి అన్నవి అంగుళాలతో సహా గీసి మేస్త్రీలకు పంపడం ఆమె పని. ఇప్పటికి ఎనభై దాకా గీసింది. ఆఫీసులో వాళ్ళు నవ్వులాటకు "బాత్రూముల కల్పన" అంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఆ పనిలోనే పట్టు చిక్కింది. టేపు పట్టుకుని స్థలానికి పోవడం, మనిషి ఎక్కడ నిలబడతాడో, చెయ్యి ఎంత దూరం చాస్తాడో చూసి గీయడం ఆమెకు బాగా వచ్చింది. కానీ ఇల్లు మొత్తం గీయడం ఇదే మొదటిసారి.

తమ్ముడు హేమంత్ తనకు ముందు వైపు పెద్ద గది, బాల్కనీ కావాలన్నాడు. నాయన దేవుడి గదికి తూర్పు ముఖం, కార్లకు షెడ్డు చెప్పాడు. అమ్మ అరుణజ్యోతి ఏమీ అడగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇంగ అవ్వ గది" అని బదరీనారాయణ గొంతు తగ్గించాడు. "ఎనక, షెడ్డు పక్కన వెయ్యి. వాకిలి బయటికే పెట్టు, ఇంట్లోకి వద్దు. గోడలకు పైదాకా టైల్స్. నేలకు నడుమ నీళ్ళు పొయ్యే జాలి. పైపు పెట్టి కొడితే అంతా కడుక్కుపోవాల."

"మనిషుండే గది నాయనా అది."

"నేను కాదంటినా? నువ్వు వారానికొక దినం వచ్చిపోతావు. దినామూ ఈ వాసనలో ఉండేది మేము. మొన్న మన అంగడికి మోటర్లిచ్చే కంపెనీ ఆయన వచ్చినాడు. మీ అమ్మ కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి ఆడనే పెట్టేసి లేసినాడు. నాకు తల కొట్టేసినట్లయింది." కాస్త ఆగి అన్నాడు. "ప్లాను మీద అవ్వ గది అని రాయొద్దు. బంధువులు చూస్తారు. స్టోరు అని రాయి."

నడవలోంచి మూత్రపు వాసన వస్తూనే ఉంది. హేమంత్ లేచి పోయి నిమ్మకాయ వాసన స్ప్రే కొట్టి వచ్చాడు. రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలాయి. కల్పన గుమ్మంలో ఉన్న అమ్మ వైపు చూసింది. అరుణజ్యోతి చూపు తిప్పుకుని లోపలికి పోయింది.

అడిగింది గీసి ఇవ్వడం కల్పనకు ఆఫీసులో అయిన అలవాటు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇలాంటి గది తను ఇదివరకే గీసినట్టు గుర్తొచ్చింది. పాత ఫైళ్ళలో వెతికి, పైదాకా టైల్సు, నడుమ జాలి, గోడకు పైపు తగిలించే కొళాయి, అన్నీ ఉన్న బొమ్మ ఒకటి తీసి, షెడ్డు పక్కన అతికించింది. కొలతలు సరిచేసింది. పేరు మార్చబోతే దాని మీద పాత పేరు కనబడింది. నాలుగు నెలల కింద ఒక చికెన్ అంగడికి గీసిన బొమ్మ అది. కోళ్ళు కోసి కడిగే గది.

చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసింది. అతికించడానికి తనకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అనుమానమే రాలేదు. నాయన మాట కన్నా తన చెయ్యే ఎక్కువ రోత పుట్టించింది.

"కల్పనా, యాడుండావమ్మీ?" అని అవ్వ పిలిచింది.

నాగరత్నమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళల్లో పొర వచ్చింది. మనిషి నీడలాగా మాత్రం కనిపిస్తుంది. కల్పన పెన్సిలుతో గీసుకున్న చిత్తుకాగితం పట్టుకునే ఆమె గదిలోకి పోయింది.

"కొత్తిల్లు గీస్తాండావంట గదా. నా గది యాడ పెట్టినావు?"

కల్పన అవ్వ వేలు పట్టుకుని కాగితం మీద పెట్టింది. హేమంత్ గది మీద. "ఈడవ్వా. ముందర."

"గాలొస్తాదా?"

"శానా వస్తాది."

"సరే పో. పోయి ఊపిరి పీల్చుకో." నాగరత్నమ్మ గొంతులో కోపం లేదు. "ఈ గదిలోకొస్తే అందరూ ఊపిరి బిగబట్టే మాట్లాడతారు. అందుకే మాటలు బిరీన అయిపోతాయి. నాకు తెలుసులే అమ్మీ."

నిజమే. గడప దాటినప్పటి నుంచి కల్పన ఊపిరి పీల్చలేదు.

సాయంత్రం బస్సుకు ఆమె అనంతపురం పోలేదు. ఆఫీసుకు ఫోను చేసి సెలవు చెప్పింది. మరుసటి పొద్దున అయిదింటికే లేచి నడవలో స్టూలు వేసుకుని కూర్చుంది. తెల్లారుతూ ఉంది. అవ్వ మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దింపింది. మంచం ఎత్తు. కాళ్ళు నేలకు అందడానికే కాసేపు పట్టింది. గోడ పట్టుకుని నడవలోకి వచ్చింది. బదరీనారాయణది బోరు మోటర్ల, పైపుల అంగడి. అంగడిలో పట్టని అట్టపెట్టెలన్నీ నడవలో ఒక పక్క పేర్చి ఉన్నాయి. వాటి అంచులు తడుముకుంటూ, ఒక గడప దాటి, ఇంకో గడప దగ్గర ఆగి, దొడ్డి తలుపు గడియ కోసం చెయ్యి పైకి చాచింది. గడియ అందలేదు. మునివేళ్ళ మీద లేచింది. బిగిసిపోయిన గడియ కదల్లేదు. బాత్రూము ఆ తలుపుకు అవతల, ఒక పెద్ద మెట్టు దిగి, దొడ్డి దాటిన తర్వాత.

ఆ తలుపు ముందరే అయిపోయింది. నాగరత్నమ్మ చీర తడిసి, కాళ్ళ మధ్య మడుగు కట్టింది. చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది.

"ఎవరది? అరుణా?" అంది. "తిట్టొద్దమ్మా. ఆపుకుందామనే చూస్తి."

"నేనవ్వా, కల్పనను."

వాసన గాఢంగా, ఘాటుగా ఉంది. కల్పన ఈసారి ఊపిరి బిగబట్టలేదు. "అవ్వా, నీళ్ళు తాగుతాండావా?"

"పొద్దున రెండు గ్లాసులు తాగుతా. మధ్యాహ్నం నుంచి తాగను. తాగితే లేయాల గదా."

మే నెల. పగలు నలభై రెండు డిగ్రీల ఎండ. ఈ ముసలామె పదహారు గంటలు నోరు తడుపుకోకుండా ఉంటోంది. అయినా ఇంట్లో వాళ్ళంతా అవ్వకు మూత్రం పట్టు తప్పిందని, ఇంక అంతేనని తీర్మానం చేసేసుకున్నారు.

కల్పన అవ్వను దొడ్డిలోకి తీసుకుపోయి నీళ్ళు పోసింది. చీర మార్చింది. పరుపు మీద రాత్రి తడిసిన దుప్పటి తీసి బకెట్లో వేసి రెండు చేతులతో పిండబోయింది. పిండేలోపలే గొంతు దాకా వచ్చింది. దొడ్డి గోడ దగ్గరికి పరిగెత్తి కక్కుకుంది. తలెత్తి చూస్తే తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది.

"ఒక దుప్పటికే కక్కుకుంటివా?" అంది అరుణజ్యోతి. "నాలుగు దినాలకొకసారి కొళాయి వచ్చే ఊర్లో దినానికి మూడు దుప్పట్లు. ఈ పని చెయ్యలేనని బట్టలుతికే నల్లమ్మ మానేసి ఏడాదైంది. పక్కకు జరుగు."

"నేనే ఉతుకుతా మా."

"రేపెవరు ఉతుకుతారు?"

కల్పన పక్కకు జరగలేదు. దుప్పటి వదల్లేదు. ఉతికి ఆరేసి, టేపు తీసుకుని అవ్వ మంచం నుంచి బాత్రూము దాకా కొలిచింది. అంగడికి పోయేముందు నాయన టిఫినుకు కూర్చోగానే ఆయన ముందు రెండు కాగితాలు పెట్టింది.

"ఇది నువ్వు చెప్పిన గది నాయనా. కొత్తగా గీయలేదు. కోళ్ళు కోసే అంగడికి గీసింది ఉంటే తెచ్చి పెట్టినా. సరిగ్గా సరిపోయింది."

బదరీనారాయణ చేతిలో దోసెముక్క పళ్ళెంలో పడింది. ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు. "థూ! తినేటప్పుడు ఏం మాటలే అవి?"

"మాట చెప్తేనే నీకు రోత. అవ్వను అందులో పెట్టమంటివి. నేను పెట్టినా. నిన్నటి నుంచి నాకు నా చేతులంటేనే అసహ్యంగా ఉండాది." రెండో కాగితం ముందుకు జరిపింది. "ఇది ఇప్పుడు అవ్వ బాత్రూముకు పోయే దావ. ముప్పై నాలుగు అడుగులు. రెండు గడపలు, పదకొండు అంగుళాల మెట్టు. గడియ ఆరడుగుల పైన ఉండాది, అవ్వ నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. కండ్లు లేవు. పట్టుకునేదానికి ఏమీ లేదు. ఊర్లో సగం బోర్లకు పైపులిచ్చినావు. మీ అమ్మ పట్టుకునేదానికి ఈ గోడకు ఒక పైపు కొట్టించినావా?"

"ఏడాదిన్నర ఉద్యోగం చేసి నాకు నేర్పుతావా నువ్వు?" బదరీనారాయణ బల్ల మీద చరిచాడు. "నా ఇల్లు. నేను చెప్పినట్ల గీసేవాల్లు అనంతపురంలో వందమంది ఉండారు!"

"గీస్తారు. రెండు నిమిషాల పని."

"చాలు!" అంది అరుణజ్యోతి. వంటింట్లోంచి ఎప్పుడు వచ్చిందో, గరిటె చేతిలోనే ఉంది. "ఇద్దరూ శానా మాట్లాడినారు. నువ్వు వాసనొస్తాదని అంగడికి పోతావు. ఇది ఈ పొద్దు ముప్పై నాలుగు అడుగులని కొలిచింది. మూడేండ్ల నుంచి బకెట్టు పట్టుకుని ఆ దావలో తిరిగేది నేను. నన్నెవరన్నా అడిగినారా?" గరిటె బల్ల మీద పెట్టింది. "ఒకోనాడు ఆమెను కడుగుతా కడుగుతా తిట్టినా. నీకు సావు రాలేదా అన్నా. ఆమె ఏమీ అనలేదు. అన్న నోటితోనే అన్నం తింటాండా. నా మీద నాకే వాసన కొడతాండాది, ఎంత సబ్బు పెట్టినా పోదు."

కల్పన లేచి అమ్మను పట్టుకుంది. మూడేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ చేతుల వంటే తిని పోయింది. అవి నీళ్ళకు పాసిపోయి, వేళ్ళ సందులు పగిలి ఉండడం ఇప్పుడు చూసింది.

గోడకు చెయ్యి రాసుకుంటున్న చప్పుడైంది. నాగరత్నమ్మ హాలు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నిన్నటి మాటలతో సహా అంతా విన్నట్టుంది.

"ఏమప్పా బదరీ, నా గదికి స్టోరు అని పేరు పెట్టినావంటనే?"

కల్పన మొదటి కాగితాన్ని బల్ల మీద బోర్లించింది.

"పెట్టుకో. ఎనకనే పెట్టు. నాకేం బాధ లేదు. ఇంట్లోకి మాత్రం ఒక వాకిలి పెట్టించు నాయనా. నేను దాటి రానులే. మీ మాటలు ఇనబడితే చాలు."

బదరీనారాయణ తల వంచుకుని పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు. భుజాలు ఒకసారి ఎగిరిపడ్డాయి. హేమంత్ గదిలోంచి బయటికొచ్చి, నాయన ఏడవడం ఎప్పుడూ చూడనివాడు, ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాడు. "అమ్మా, నేను..." అన్నాడు బదరీనారాయణ. లేచి పోయి తల్లి చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆ పూట అంగడి తెరవలేదు. అట్టపెట్టెలన్నీ తండ్రీకొడుకులు గోడౌనుకు మోశారు. మధ్యాహ్నం మేస్త్రీ యేసన్న వచ్చి గడపలు తీసేసి, మెట్టును ఏటవాలుగా పూడ్చాడు. నడవ పొడుగునా స్టీలు పైపు బిగించాడు. ఏది ఎంత ఎత్తులో ఉండాలో కల్పన అవ్వ చేతికి కొలిచి చెప్పింది. గడియ నడుము దగ్గరికి దిగింది. మంచం కాళ్ళు ఆరంగుళాలు కోశారు. డాక్టరు చూసి, నీళ్ళు చాలక మూత్రంలో చీము పట్టిందని మాత్రలు రాశాడు.

వాసన ఒక్కరోజులో పోలేదు. పూర్తిగా పోనూ లేదు. మూడు దుప్పట్లు ఒకటికి వచ్చాయి, ఒక్కోరోజు రెండు. కొత్త ప్లానులో అవ్వ గది హాలు పక్కకు వచ్చింది, తలాపునే బాత్రూముతో. అది కల్పన గీసిన ఎనభై ఒకటో బాత్రూమో, ఎనభై రెండోదో. బదరీనారాయణ ఆ కాగితంలో అవ్వ గది మీద వేలు పెట్టాడు.

"హాల్లోకి వాసనొస్తే?"

"వస్తే కడుక్కుందాం నాయనా."

"ఎవరు?" అంది అరుణజ్యోతి పక్కనుంచి. ఆ మాటకు తండ్రీకొడుకులిద్దరూ ముఖాలు చూసుకున్నారు.

తర్వాతి ఆదివారం కల్పన తొలి బస్సుకు వచ్చింది. వాకిట్లో ఎవరూ లేరు. దొడ్డి వైపు నుంచి అవ్వ గొంతు వినబడింది. "అంత సబ్బెందుకురా? జాడించేదానికి నీళ్ళు యాడ తెస్తావు?"

కల్పన నడవ దాటి దొడ్డి గుమ్మంలో ఆగింది. బదరీనారాయణ పంచె ఎగదోపుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బండ మీద దుప్పటి రుద్దుతున్నాడు. పక్కన కుర్చీలో నాగరత్నమ్మ. ఏటవాలు అంచున కూర్చుని అరుణజ్యోతి తల దువ్వుకుంటోంది. పొద్దున ఎనిమిదింటప్పుడు అమ్మ తీరిగ్గా తల దువ్వుకోవడం కల్పన ఎన్నాళ్ళకు చూసిందో.

"రెండుసార్లు కక్కినాడు" అంది అరుణజ్యోతి కూతురితో మెల్లగా. కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

బదరీనారాయణ వెనక్కి తిరగలేదు. తువ్వాలు సర్దుకుని, బకెట్లోంచి రెండో దుప్పటి తీశాడు.