ఒక సమాధికి ఇద్దరు వారసులు

"అయ్యా, మీరు పూలు పెడుతున్నది మా వాళ్ళ సమాధి మీద."

రెనెటా మాటల్లో మర్యాదకేం లోటు లేదు. కానీ చేతిలో పార ఉంది. అందుకే కాబోలు, ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

1985 జూన్ నెల మొదటి శనివారం. చర్చి వెనక పైన్ చెట్ల మధ్య సమాధుల చుట్టూ గడ్డి చెక్కడం చిన్నప్పటినుంచీ ఆమె పని. ఇన్నేళ్ళలో ఈ ఎండలో టై కట్టుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళంతా పెట్టెలో పడుకునే వచ్చారు. నడిచి వచ్చినవాణ్ణి చూడడం ఇదే మొదటిసారి.

"మీరు పొరబడ్డట్టున్నారు," అన్నాడతను. "ఇది మా ముత్తాతది."

"మీ ముత్తాత పేరు హెస్టరా?"

"ప్రిన్స్. కింది లైను చూడండి."

రెనెటాకి ఒళ్ళు మండింది. ఏటా ఆ రాతికి పట్టిన నాచు గీకేది తను. ఎవరో టై కట్టుకొచ్చి కింది లైను చదవమంటే చదవాలా? అయినా చదివింది. రాయి మీద ఉన్నది ఇంతే: హెస్టర్ సోరెల్, ఆమె కొడుకు ప్రిన్స్. ఇక్కడికి మార్చినది 1940.

"నా పేరు థాడియస్ సోరెల్," అన్నాడతను. "సవానా పట్నంలో ఉంటాను. పియానోలు బాగుచేస్తాను."

"హెస్టర్ మా అమ్మమ్మకి ముత్తవ్వ," అంది రెనెటా, పార కిందికి దించి.

లెక్క ఇద్దరికీ ఒకేసారి తేలింది.

"అంటే నాకో కజిన్ ఉందన్నమాట," అన్నాడు థాడియస్. అంటూ అంటూనే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏమీ అనుకోకండి. నాన్న పోయాక ఈ లోకంలో నాకంటూ ఎవరూ లేరు. మా ఇంటి బైబిల్లో ఒక్క లైను ఉంది, 'ప్రిన్స్, సోరెల్ ఎస్టేటు' అని. అది పట్టుకుని రెండేళ్ళుగా తిరుగుతున్నాను."

తనని చూసి ఒక మనిషి అంత సంతోషపడడం రెనెటా ఎరగదు. పార చెట్టుకి ఆనించి, "ఇంటికి రండి, అమ్మమ్మ అన్నం పెడుతుంది," అంది.

సోరెల్ ఎస్టేటు ఇప్పుడు లేదు. ఆనకట్ట కట్టినప్పుడు దొరల మేడ, వరిమళ్ళు, బానిసల గుడిసెలు అన్నీ సరస్సు కిందికి పోయాయి. సమాధుల్లో మాత్రం కొన్నిటిని తవ్వి పైకి తెచ్చారు. బానిసత్వం పోయిన రోజుల్లో ఇంటిపేరు ఏమిటని అడిగితే ఆ ఎస్టేటు మనుషుల్లో సగంమంది సోరెల్ అనే రాయించుకున్నారు. తెలిసిన పేరు అదొక్కటే మరి.

ఊరంతా మిస్ ఆరీలియా అని పిలిచే రెనెటా అమ్మమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చర్చిలో ఆవిడ మాటంటే మాటే. గడప తొక్కిన ప్రతి కుర్రాణ్ణీ ఆవిడ ముందు అడిగే ప్రశ్న, "మీరెవరి వాళ్ళు?" అని. రెనెటాకి పదహారేళ్ళప్పుడు స్కూల్లో డాన్సుకి తీసుకెళ్దామని పూలతో వచ్చిన అబ్బాయి ఆ ప్రశ్నకి జవాబు చెప్పి వరండాలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళ ముత్తవ్వ, వీళ్ళ ముత్తాత అక్కాతమ్ముళ్ళని తేలింది.

"అన్నని ఒక వేలంలో, చెల్లెల్ని ఇంకో వేలంలో అమ్మేశారే తల్లీ," అని ఆ రోజు ఏడుస్తున్న మనవరాలి తల నిమిరింది ఆవిడ. "ఎవరెవరో తెలీక సొంత రక్తాన్నే పెళ్ళాడినవాళ్ళు ఉన్నారు. అందుకే మనం అడుగుతాం. ఎన్ని తరాలైనా సరే, లెక్క చూస్తాం."

థాడియస్‌ని మాత్రం ఆవిడ ఏమీ అడగలేదు. ప్రిన్స్ మునిమనవడని రెనెటా చెప్పగానే లేచి నిలబడి, అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత, "కూర్చో నాయనా, రొయ్యలు చల్లారిపోతాయి," అంది. రాయి మీద అంత స్పష్టంగా రాసుంటే ఇంక అడిగేదేముందిలే అనుకుంది రెనెటా.

ఆ మధ్యాహ్నమే చర్చి పియానో సంగతి వచ్చింది. అది శ్రుతి తప్పి నాలుగేళ్ళయింది. ఆ పని థాడియస్ తీసుకున్నాడు. ఒక శనివారంలో అవ్వాల్సిన పని జూన్ దాటింది, జూలై కూడా దాటేలా ఉంది.

"ఇంతకీ ఆ పియానోకి ఎన్ని తీగలు కజిన్?" అని అడిగింది రెనెటా ఒక రోజు, చర్చి బెంచీ మీద కూర్చుని.

"రెండొందల ముప్పై."

"వారానికి ఎన్ని బిగిస్తున్నారు?"

"మీరు చూడకపోతే నలభై. చూస్తుంటే నాలుగు."

"అయితే నేను వెళ్ళిపోతాను."

"వెళ్తే ఆ నాలుగు కూడా అవ్వవు."

రెనెటా నవ్వింది. అతను పియానోలోకి వంగి, తల ఎత్తకుండానే అడిగాడు. "మీరు కోర్టులో వీలునామాల గదిలోనే పనిచేస్తారు కదా. సోరెల్ దొరలవి ఎప్పుడైనా చూశారా?"

"ఊళ్ళో అందరివీ తీసిస్తాను. అవి మాత్రం ముట్టుకోను."

"ఎందుకని?"

"మా వాళ్ళ పేర్లు వెండి చెంచాలకీ కంచరగాడిదలకీ మధ్య రాసుంటాయని తెలిసి ఎలా చదవమంటారు?"

థాడియస్ పని ఆపాడు. "చదవొద్దు," అన్నాడు మెల్లగా. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తను ఆ మనిషిని ప్రేమిస్తున్నానని రెనెటాకి తెలిసింది సరిగ్గా అప్పుడే. తెలిసిన మరుక్షణమే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అతను హెస్టర్ రక్తం. తనూ హెస్టర్ రక్తమే.

ఆగస్టు మొదటి శనివారం పెద్ద వాన పట్టింది. ఇద్దరూ చర్చి వరండాలో చిక్కుకుపోయారు. చూరు నీళ్ళు తెర కట్టినట్టు పడుతున్నాయి. గాలికి జల్లు కొట్టినప్పుడల్లా ఇద్దరూ తలుపు వైపు ఒక అడుగు, ఒకరి వైపు ఒకరు అర అడుగు జరిగారు.

"ఇవాళ మీరు ఒక్కసారి కూడా కజిన్ అనలేదు," అంది రెనెటా.

"నోరు రావడం లేదు."

"ఏం, నోటికి ఏమైంది?"

"మీకు తెలీదా?"

తెలుసు. అందుకే వాన వైపు చూసింది.

"పియానో పని అయిపోయింది రెనెటా. నిజం చెప్పాలంటే మూడో వారంలోనే అయిపోయింది. మీ అమ్మమ్మ నన్ను మనవాడని అన్నం పెట్టారు. ఆ అన్నం తిని ఇలా ఆలోచించడం నాకే బాగాలేదు. వచ్చే శనివారం నుంచి రాను."

"చట్టం ఒప్పుకుంటుంది," అంది రెనెటా. "ఇంత దూరపు చుట్టరికానికి అడ్డు లేదు. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది."

"మీ అమ్మమ్మ?"

వాన తగ్గకముందే అతను కారు దగ్గరికి పరుగెత్తాడు. అమ్మమ్మ ముందు ఏడవకూడదని రెనెటా వాన వెలిసేదాకా అక్కడే ఉండిపోయింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఆమె చేసిన మొదటి పని, ఇన్నేళ్ళూ ముట్టుకోని సోరెల్ దొరల వీలునామాల పుస్తకాన్ని అలమరలోంచి దించడం. హెస్టర్ నుంచి ఇప్పటికి ఎన్ని తరాలో కాగితంతో సహా చూపిస్తే అమ్మమ్మ మనసు మెత్తబడుతుందేమోనని ఒక చిన్న ఆశ.

ఎజ్రా సోరెల్ దొర వీలునామా 1855లోది. గోడ గడియారం, వెండి చెంచాలు, కంచరగాడిదలు ఆరు, హెస్టర్, ఆమె పిల్లలు శామ్, డోర్కస్. అనుకున్నట్టే ఉంది. అనుకున్నదే అయినా కళ్ళు మసకబారాయి. తుడుచుకుని మళ్ళీ చదివింది. శామ్, డోర్కస్. పాత జనాభా లెక్కల్లో రాసిన వయసు ప్రకారం అప్పటికి ప్రిన్స్‌కి పదమూడేళ్ళుండాలి. అతని పేరు లేదు.

పుటలు తిప్పింది. దొర పోయిన నాలుగేళ్ళకి దొరసాని మార్తా రాయించిన వీలునామా దొరికింది. "నా పెళ్ళినాడు మా తండ్రిగారు జార్జియా నుంచి నాతో పంపిన జూడిత్, అప్పటికి ఏడేళ్ళవాడైన ఆమె కొడుకు ప్రిన్స్..."

అరణంగా వచ్చిన తల్లీకొడుకులు. హెస్టర్ కొడుకు కాదు. జార్జియాలో పుట్టి వచ్చినవాడు కాబట్టి సోరెల్ దొర రక్తం అయ్యే వీలూ లేదు. మనుషుల్ని పంచిపెట్టిన అలాంటి పుట మీద చెయ్యి పెట్టి సంతోషపడుతున్నందుకు రెనెటాకి సిగ్గేసింది. అయినా సంతోషం ఆగలేదు.

మరి రాయి మీద అలా ఎందుకు చెక్కారు? సమాధులు మార్చినప్పటి కార్డులు కింది గదిలో ఉంటాయి. ప్రిన్స్ కార్డు దుమ్ము దులిపి చూసింది. "హెస్టర్ కొడుకు. ప్రమాణం చేసి చెప్పిన బంధువు:" అని ఉంది. దాని ఎదురుగా ఉన్న సంతకాన్ని వెలుగులో పెట్టి రెండుసార్లు చూసింది. అది అమ్మమ్మ సంతకం.

సవానాకి ఫోను చేసింది. "శనివారం రండి."

"పియానోకి ఏమైంది?"

"పియానోకి ఏం కాలేదు. నాకే అయింది. రండి."

శనివారం మధ్యాహ్నం మిస్ ఆరీలియా వరండాలో చిక్కుడు కాయలు ఒలుస్తోంది. థాడియస్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. రెనెటా రెండు కాగితాలు ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"వీలునామా ఒకటి చెబుతోంది అమ్మమ్మా, నువ్వు సంతకం పెట్టిన కార్డు ఇంకోటి చెబుతోంది. ఏది అబద్ధం?"

ఆవిడ కాగితాలు ముట్టుకోలేదు. చేతిలో కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది.

"నాదే," అంది.

ఇంకో కాయ చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"బంధువులు వచ్చి సంతకం పెడితేనే సమాధి మారుస్తామన్నారు. లేకపోతే నీళ్ళలో వదిలేస్తామన్నారు. ప్రిన్స్ తాతకి ఎవరూ లేరు. కొడుకు ఎటో వెళ్ళిపోయాడు, ఉత్తరం రాయడానికి చిరునామా కూడా లేదు. నా చిన్నప్పుడు వరదలొస్తే మా పిల్లలందర్నీ తన పడవలో బడికి దాటించింది ఆయన. ఒక్కరోజు మానలేదు. అలాంటివాణ్ణి నీళ్ళ అడుగున వదిలేసి ఎలా వస్తాను? హెస్టర్ కొడుకని బైబిలు మీద చెయ్యేసి చెప్పాను. మా ముత్తవ్వ పక్కనే పెట్టించాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"బైబిలు మీద అబద్ధం చెప్పానని ఏ మొహంతో చెప్పను? ఇతను వచ్చాక చెబుదామని ప్రతి శనివారం అనుకున్నాను. చెబితే మనవాడు కాడని తెలిసి రావడం మానేస్తాడేమోనని భయం. నీ మొహం చూసి కూడా చెప్పలేకపోయాను తల్లీ. నన్ను క్షమించు."

థాడియస్ ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. అడ్డు తొలగిపోయిందని సంతోషపడాలో, దొరికిన చుట్టాలు చేజారిపోయారని బాధపడాలో అతనికి తెలియడం లేదని చూస్తేనే తెలుస్తోంది.

"అయితే నేను మీకేమీ కానన్నమాట," అన్నాడు.

"మీ ముత్తాత నాకేమయ్యాడని సంతకం పెట్టాను?" అంది ఆవిడ కసురుకుంటున్నట్టే. "ఒక మనిషిని నా మనిషి అనుకోడానికి నాకు ఆ రోజూ కాగితం అక్కర్లేదు, ఇవాళా అక్కర్లేదు. కానీ మా పాస్టరుగారికి కావాలి. వెళ్ళి పెళ్ళి లైసెన్సు తెచ్చుకోండి."

"ముందు నన్నెవరైనా అడగండి," అంది రెనెటా. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

థాడియస్ లేచి నిలబడ్డాడు. "రెనెటా, నేను నిన్ను ప్రేమిస్తున్నాను. నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటాను. జూలై నుంచీ ఈ మాట చెప్పాలని ఉంది నాకు."

పెళ్ళి లైసెన్సులు ఇచ్చేది కూడా రెనెటా పనిచేసే కోర్టులోనే. సోమవారం పొద్దున థాడియస్ కౌంటరుకి అవతల, ఆమె ఇవతల. పై అధికారి సంతకం పెట్టాలి గానీ ఫారం నింపేది ఆమే. పేర్లు, పుట్టిన తేదీలు, ఊళ్ళు గబగబా రాసేసి ఒక గడి దగ్గర కలం ఆపింది. 'వధూవరుల మధ్య బంధుత్వం' అని ఉంది అక్కడ.

"ఏం రాస్తున్నావు?" అని మెడ చాచాడు థాడియస్.

ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆ గడి కొన్ని వందలసార్లు నింపింది. అంత పెద్ద అక్షరాలతో, అంత సంతోషంగా 'లేదు' అని రాయడం మాత్రం అదే మొదలు.