అమ్మ చిరునామా

"నిమ్మకాయ వాసన," అంది కృప, కళ్ళు మూసుకునే.

గాజు తలుపు అవతల కూర్చున్న అక్క సువార్త ఉలిక్కిపడింది.

"ఎక్కడున్నారు?" అని అడిగింది డాక్టర్ ఫర్హానా, మానిటర్ మీంచి చూపు తిప్పకుండా.

"డాబా మీద. పొద్దు వాలుతోంది. ఎవరో నిమ్మతొక్కతో అరచేతులు రుద్దుకుంటున్నారు. ఇప్పుడు నా జుట్టులో వేళ్ళు పెట్టారు... 'సువ్వీ, కదలకే' అంటున్నారు. డాక్టరుగారూ, అమ్మేనా? ఇది మా అమ్మేనా?"

సువార్త చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళమ్మ కాకినాడ రొయ్యల ఫ్యాక్టరీలో తొక్కలు వలిచేది. ఇంటికి రాగానే చేతుల నీచు పోయేదాకా నిమ్మతొక్కతో రుద్దుకుని, అప్పుడుగానీ కూతురి తల ముట్టుకునేది కాదు. ఆ సంగతి సువార్త ఎవరికీ చెప్పలేదు. చెప్తే అరిగిపోతుందేమోనని భయం.

అమ్మ పోయేనాటికి సువార్తకి తొమ్మిదేళ్ళు, కృప ఇంకా పాలు తాగే పిల్ల. చెల్లెల్ని సువార్తే చంకనేసుకుని బడికి తీసుకెళ్ళింది, జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగింది. ఇప్పుడు సువార్త సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఆపరేటరు. కృపకి ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. అప్పట్నించీ ఆమెకి ఒకటే దిగులు.

"పాపని ఎత్తుకుంటే చేతులు కొయ్యబారిపోతున్నాయక్కా. నన్నెవరైనా అలా ఎత్తుకున్నట్టు గుర్తుంటే కదా నాకొచ్చేది."

"నేనెత్తుకోలేదుటే?"

"నువ్వు అక్కవి కదా," అంది కృప.

ఆ మాట గుచ్చుకున్నా, చెల్లెల్ని ల్యాబుకి తీసుకొచ్చింది సువార్తే.

ఆ ల్యాబులో ఏం చేస్తారో పాఠకులకి చెప్పాలి. మనిషి మెదడులో ఒక జ్ఞాపకం ఒకేచోట ముద్దలా ఉండదు. చిన్నచిన్న గదులు వరసగా ఉంటాయి. ఒక గదిలో వాసన, పక్కగదిలో గొంతు, ఆ పక్కదాంట్లో వెలుతురు. ఇలా లక్షల గదులు. వాటిని మరొకరి మెదడులోకి కాపీ చెయ్యాలని శాస్త్రజ్ఞులు చాలాకాలం ప్రయత్నించి విఫలమయ్యారు. కొత్త సరుకు దింపడానికి అవతలి మెదడులో ఖాళీ జాగా ఎక్కడిది? డాక్టర్ ఫర్హానాకి మరో దారి తోచింది.

మొదటిరోజే ఆమె అక్కచెల్లెళ్ళకి వివరంగా చెప్పింది. "పాతకాలంలో సి అనే కంప్యూటర్ భాష ఉండేది. అందులో వరస గదుల్ని ఎర్రే అనేవాళ్ళు. ఆ వరసంతా మోసుకెళ్ళి ఇంకొకరికి ఇవ్వక్కర్లేదు. మొదటి గది ఎక్కడుందో ఆ అడ్రసు ఇస్తే చాలు. ఆ అడ్రసుని దాచుకునేదే పాయింటర్. దానికి ఒకటి కలిపితే పక్కగది, ఇంకొకటి కలిపితే ఆ పక్కది. అలా నడుచుకుంటూ పోవచ్చు. మీ ఇద్దరికీ చెవి వెనక బియ్యపుగింజంత చిప్ పెడతాను. చెల్లెలుగారి చిప్‌లో ఉండేది అడ్రసు మాత్రమే. ఆవిడ అమ్మని తల్చుకున్నప్పుడల్లా చిప్ అక్కగారి గదుల దగ్గరికొచ్చి చదువుకుని పోతుంది."

"నాది నాకు ఉంటుందిగా?" అని అడిగింది సువార్త.

"ఎక్కడికీ పోదు. పాయింటర్ ముందు 'కాన్స్ట్' అని రాస్తే చదవడమే తప్ప మార్చడం కుదరదు. ఇక్కడా ఆ కట్టడి పెట్టాను."

తర్వాత కొన్ని నెలలు ఆ ఇంట్లో పండగే. కృప పాపకి స్నానం చేయిస్తూ, తను ఏనాడూ వినని అమ్మ పాటలు పాడేది. చేతులు వాటంతటవే ఒదుగు నేర్చుకున్నాయి. సాయంత్రం సువార్త డ్యూటీ దిగి రాగానే ఎదురొచ్చేది. "అక్కా, అమ్మకి ఎడంబుగ్గ మీద పుట్టుమచ్చ! నువ్వు చెప్పనేలేదే!" అమ్మ గురించి మాట్లాడుకోవడానికి ఒక తోడు దొరికిందని సువార్తకీ సంతోషంగానే ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, సువార్త కిటికీ దగ్గర కూర్చుని అమ్మని తల్చుకుంది. డాబా వచ్చింది. వాలుపొద్దు వచ్చింది. అమ్మ దువ్వెన పట్టుకుని కూర్చుంది.

"కిప్పీ, కదలకే," అంది అమ్మ.

అమ్మ తనని పిలిచేది సువ్వీ అని, కిప్పీ కృప ముద్దుపేరు. మళ్ళీ మొదట్నించి తల్చుకుంది. అదే పిలుపు. అమ్మ ఒళ్ళో ఏడేళ్ళ పిల్ల ఉంది. ఉంగరాల జుట్టు కృపది. తను ఎక్కడో మెట్ల దగ్గర నిలబడి దూరంనుంచి చూస్తోంది. నిమ్మ వాసన రాలేదు.

మర్నాడు ల్యాబులో డాక్టర్ ఫర్హానా పరీక్షలన్నీ చేసి, మానిటర్ సువార్త వైపు తిప్పింది.

"తప్పు నాదే," అంది. "కంప్యూటర్ చదివినప్పుడు గది అలాగే ఉంటుంది. మనిషి అలా కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ కొంచెం దిద్ది, మళ్ళీ దాచుకుంటాడు. దిద్దకుండా గుర్తు చేసుకోవడం మన మెదడుకి తెలీదు. నేను పెట్టిన కట్టడి అక్కడ చెల్లలేదు. మీ చెల్లెలు రోజూ ఆశగా వెళ్ళింది. ఒళ్ళో ఉన్నది తనే కావాలన్న ఆ ఆశే గదుల్లోకి రాసుకుపోయింది. ఉన్నది ఒకటే వరస కాబట్టి మీకూ అదే కనిపిస్తోంది."

"పాతది తిరిగిరాదా?"

"కాపీ లేదమ్మా. కానీ పాయింటర్ తీసేస్తే మిగిలిన గదులైనా దక్కుతాయి. ఆవిడ ఇంకా వరస చివరిదాకా వెళ్ళలేదు."

"తీసేస్తే చెల్లికి?"

"ఏమీ మిగలదు. ఆవిడ దగ్గరున్నది అడ్రసేగా."

సువార్త ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. రెండ్రోజుల తర్వాత అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్న అక్కని కృపే నిలదీసింది. విన్నాక పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి, అక్క పక్కన నేలమీద కూలబడింది.

"నేను కావాలని చెయ్యలేదక్కా."

"తెలుసే."

"ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"మొన్నే తెలిసింది. తెలిశాక కూడా... నువ్వు పాడుతుంటే ఆపమని ఎలా చెప్పను?"

మర్నాడు కృప ఒక్కతే వెళ్ళి చిప్ తీయించుకుంది. ముందు చెప్తే అక్క వద్దంటుందని ఆమెకి తెలుసు. చెవి వెనక చిన్న పట్టీతో తిరిగొచ్చి, పాపని ఎత్తుకుంది. చేతులు ఒదుగు మర్చిపోలేదు. కానీ పాట మొదలెట్టబోతే ఒక్క మాటా రాలేదు.

"ఏదో ఉండేదని తెలుస్తోంది. ఏమిటో తెలీట్లేదు," అంది అయోమయంగా.

సువార్తకి మిగిలిన గదులు దక్కాయి. తనకి జ్వరమొస్తే అమ్మ పక్కనే కూర్చున్న రోజు, అమ్మ బీచికి తీసుకెళ్ళిన రోజు చెక్కుచెదరలేదు. ఆ డాబా మాత్రం మారినట్టే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం కృప ఆమె దగ్గరకొచ్చి, అడగనా వద్దా అన్నట్టు నిలబడింది.

"అక్కా, ఆ డాబా మీద... ఇప్పటికీ నేనే ఉన్నానా?"

"నువ్వే."

"చెప్పవా."

సువార్త కళ్ళు మూసుకుంది. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేనిది, నిజంగా ఎన్నడూ జరగనిది, ఆమె కళ్ళ ముందు స్పష్టంగా నిలిచింది.

"అమ్మ నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నీ జుట్టు చిక్కు తీస్తోంది, నొప్పెట్టకుండా, కొంచెం కొంచెంగా. 'కిప్పీ, కదలకే' అంటోంది. నువ్వు కదుల్తూనే ఉన్నావు. అమ్మ నవ్వుతోంది."

కృప అక్క మోకాలి మీద తల ఆన్చింది. తలెత్తకుండానే అడిగింది.

"అప్పుడు నువ్వెక్కడున్నావక్కా?"

సువార్త కళ్ళు తెరవలేదు. చెల్లెలి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

"అక్కడే ఉన్నానే. చూస్తున్నాను."