లైటు డిమ్ చెయ్యాల్సిన మలుపు

పాడుబడ్డ పంపుహౌస్ దగ్గరి మలుపులో, చీకటి పడ్డాక, ఎవరూ హెడ్‌లైటు పూర్తిగా వెయ్యరు. లారీవాళ్ళంతటి లారీవాళ్ళు కూడా అక్కడికి రాగానే డిమ్ చేస్తారు. పాట మోగుతుంటే ఆపేస్తారు. తల దించుకుని, గట్టిగా ఊపిరైనా తీసుకోకుండా దాటేస్తారు.

ఎందుకంటే ఆ పంపుహౌస్‌కి తలుపు లేదు. బండి మలుపు తిరుగుతుంటే లైటు వెళ్ళి ఆ ఖాళీ ద్వారంలో పడుతుంది. అక్కడ... ఆవిడ నిలబడి ఉంటుంది. తెల్లటి గుడ్డ. ఓ పక్కకి చాచిన చెయ్యి. మొహం ఎలా ఉంటుందో చెప్పినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

ఆరేళ్ళ క్రితం దాకా అక్కడ భయమూ లేదు, సిగ్గూ లేదు. బండ్లాపి ఒంటేలుకి వెళ్ళేవాళ్ళు. తర్వాత ఏ నెలలో వచ్చిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆవిడొచ్చింది. నర్సు అంటారు కొందరు. కొత్తకోడలంటారు ఇంకొందరు. టీకొట్టాయన దగ్గర రోజుకో కథ ఉంటుంది, బేరం బాగున్న రోజున ఆ కథలో ఆవిడకి ఇద్దరు పిల్లలు కూడా ఉంటారు.

ఆవిడెవరో, అక్కడికెలా వచ్చిందో తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరని లెక్క. ఒకడు లాండ్రీ వ్యాను నడిపే తమ్ముడు, రెండోవాడు వాడి బావ. ఆ సంగతే విన్నది విన్నట్టు చెప్పుకుందాం.

తమ్ముడంటే లాండ్రీ నడిపే ఆవిడకి సొంత తమ్ముడు. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచింది. ఆవిడ నోటి పిలుపే అందరి నోళ్ళలోనూ పడి, ఆసుపత్రి వాచ్‌మన్‌తో సహా అందరికీ వాడు తమ్ముడే అయ్యాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, తెల్లవారకముందే చేర్చడం వాళ్ళ పని. అక్క ఉతికిస్తుంది, బావ లెక్క చూసుకుంటాడు, తమ్ముడు బండి తోలతాడు.

బండి తమ్ముడి లైసెన్సు కంటే వయసులో పెద్దది. కంపెనీవాడు బిగించిన లైట్లే ఇంకా ఉన్నాయి. వాటి వెలుగులో రోడ్డు కనిపించేది కాదు, రోడ్డుందని ఊహించుకోవడానికి సరిపోయేది.

ఆరేళ్ళ క్రితం ఒక వానరోజు, తెల్లవారుజామున, ఆ మలుపులోనే... దబ్బుమని చప్పుడైంది. మెత్తటి చప్పుడు. ముందు చక్రం దేనిమీదో ఎక్కి దిగింది.

తమ్ముడు బండి ఆపేశాడు. పక్క సీట్లో ఉన్న బావ టార్చి తీసుకుని దిగాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక చేతులు తడిగా ఉన్నాయి. ఆ గుడ్డి వెలుగులో అవి వాననీళ్ళో, నెత్తురో తెలియలేదు.

"ఆడమనిషి..." అన్నాడు బావ, గుసగుసగా. "అయిపోయింది."

"ఆసుపత్రికి తీసుకెళ్దాం బావా!"

"ఇంకేం ఆసుపత్రి? నువ్వు దిగకు. చూస్తే తట్టుకోలేవు. నేను చూసుకుంటాను." మళ్ళీ దిగి వెళ్ళాడు. పంపుహౌస్ వెనకున్న క్వారీ గుంటలో ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి తలుపేసుకుంటూ ఒక్కమాటే అన్నాడు. "మీ అక్కకి తెలియకూడదు. ప్రాణాలు తీసుకుంటుంది."

తమ్ముడు ఆ మాట మీద నిలబడ్డాడు. అక్కకి వాడు దాచిన సంగతి జీవితం మొత్తం మీద అదొక్కటే.

అప్పటికి వారం క్రితమే వాడికి ప్రభుత్వ బస్సు డ్రైవరుగా ఉద్యోగం ఆర్డరు వచ్చింది. పక్క జిల్లాలో డ్యూటీ. ఖాకీ చొక్కా కొలతలిచ్చి వచ్చాడు కూడా. "వెళ్ళావంటే నీ గురించి పోలీసు విచారణ జరుగుతుంది. తవ్వుతారు," అన్నాడు బావ. "ఇక్కడుంటే నేనున్నాను." తమ్ముడు ఆర్డరు కాగితం నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు. బావ తనకోసం ఎంత మోస్తున్నాడో అనుకుని ఆయన కాళ్ళకి దండం పెట్టాడు పిచ్చివాడు.

తర్వాత పదిరోజులకి ఆవిడ ద్వారంలో నిలబడింది.

ఆ రోజునుంచీ ప్రతి తెల్లవారుజామునా అదే మలుపు. బావ "డిమ్ చెయ్యి, తల దించు" అనడం, వాడు దించడం. దించేలోపు కంటి కొసకి తెల్లగా ఒక్క క్షణం కనిపించేది. "క్షమించమ్మా" అనుకునేవాడు మనసులో. తప్పిపోయిన ఆడమనిషి అంటూ పేపర్లో ఏమైనా పడుతుందేమోనని నెలల తరబడి చూశాడు. పడలేదు. వెతికేవాళ్ళు కూడా లేని మనిషిని చంపానని ఇంకా కుమిలిపోయాడు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

లైట్లు మార్చనిమ్మని బావని చాలాసార్లు అడిగాడు. మళ్ళీ ఇంకెవరి ఉసురైనా పోసుకుంటానేమోనని వాడి భయం. "కంపెనీవాడి కంటే నీకెక్కువ తెలుసా? వెలుగు పెంచితే వైరింగు తగలబడుతుంది," అనేవాడు బావ.

ఈ ఏడు ఫిట్‌నెస్ పరీక్షలో బండి ఫెయిలైంది. "ఇవి హెడ్‌లైట్లా, పడగ్గది లైట్లా?" అన్నాడు పరీక్ష చేసే ఆయన. ఇక బావకి తప్పలేదు.

ఎలక్ట్రీషియన్ పెద్దాయన బానెట్ ఎత్తి చూసి, "బల్బుది తప్పు కాదయ్యా," అన్నాడు. "బ్యాటరీ దగ్గర బయల్దేరిన కరెంటు ఈ సన్న వైర్లలో, ఈ అరిగిపోయిన స్విచ్చిలో తిరిగి తిరిగి, సగం దారిలోనే నీరసపడిపోతోంది. లావు వైరు నేరుగా లాగి, మధ్యలో రిలేలు పెట్టు. స్విచ్చి సైగ చేస్తే చాలు, బరువు రిలే మోస్తుంది. లోపల అద్దాలు కూడా నల్లబడ్డాయి, మార్చెయ్."

సామాను కొనుక్కుని, మధ్యాహ్నం లాండ్రీ షెడ్డులో తమ్ముడే కూర్చుని బిగించుకున్నాడు. ఒక్క తప్పు చేశాడు. పెద్ద లైటు రిలేకి సైగనిచ్చే వైరుని డిమ్ స్విచ్చికి కలపాల్సింది పోయి, పార్కింగ్ లైటు వైరుకి కలిపాడు. లైట్లు వెలిగాయి. పట్టపగలే కళ్ళు చెదిరాయి. ఆ సంతోషంలో డిమ్ అవుతుందో లేదో చూడనే లేదు.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరారు. గేటు దాటగానే రోడ్డంతా తమ్ముడి ముందు పరుచుకుంది. ఎన్నేళ్ళుగానో తిరుగుతున్న దారిలో గుంతలు, చెట్ల మొదళ్ళకి వేసిన సున్నం, గోడమీది రాతలు మొదటిసారి చూశాడు. చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు.

"ఇంత వెలుగెందుకురా..." బావ సీట్లో కుదురుగా లేడు.

మలుపొచ్చింది.

"డిమ్ చెయ్యి," అన్నాడు బావ.

తమ్ముడు స్విచ్చి నొక్కాడు. వెలుగు తగ్గలేదు.

"డిమ్ చెయ్యమంటుంటే!"

"చేశాను బావా... తగ్గట్లేదు..."

"అయితే తల దించు! ఒరేయ్... చూడకు—" బావ చెయ్యి స్విచ్చి మీదికి వచ్చింది. ఇద్దరి చేతులూ స్విచ్చిమీద పెనుగులాడుతుండగానే బండి మలుపు తిరిగింది. లైటు తిన్నగా వెళ్ళి ద్వారంలో పడింది.

తమ్ముడు చూశాడు.

మొహం లేదు.

మొహం ఉండాల్సిన చోట గుండ్రటి ఇనుప చక్రం ఉంది. నీళ్ళు వదిలే వాల్వు చక్రం. పక్కకి చాచిన చెయ్యి తుప్పు పట్టిన గొట్టం. వాటిమీద మెడ దగ్గర ముడేసి కట్టిన దుప్పటి. మడత నలగలేదు. అంచున ఎర్రదారంతో కుట్టిన వార్డు నంబరు, బండిలోంచే చదవగలిగేంత స్పష్టంగా ఉంది.

బ్రేకు మీద కాలు దానంతటదే పడింది.

"ఆగకు! పోనీ!" అన్నాడు బావ.

తమ్ముడు దిగాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ నేలమీద కాలు పెట్టాడు. ద్వారం దాకా నడిచి దుప్పటిని పట్టుకున్నాడు. ముక్కుకి సబ్బు వాసన తగిలింది. తమ లాండ్రీ సబ్బే.

వెనక్కి తిరిగేసరికి బావ లైటుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆవేళ నేను గుద్దింది ఎవర్ని బావా?"

బావ బండివైపు తిరిగాడు.

"ఎవర్ని!"

"మన దుప్పట్ల మూటనే," అన్నాడు బావ, నేలచూపులు చూస్తూ. "ముందురోజు సాయంత్రం ట్రిప్పులో పైనుంచి జారిపడింది. గుంటలోకి రాయి విసిరాను."

తమ్ముడికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఎవరూ చావలేదు. వాడెవర్నీ చంపలేదు. ఆ వెంటనే మిగతాదంతా గుర్తొచ్చింది. ఆరేళ్ళపాటు ఒక దుప్పటికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆర్డరు కాగితం చేతులారా కాల్చుకున్నాడు.

"ఎందుకు బావా? నీకేం ద్రోహం చేశాను?"

"నువ్వెళ్ళిపోతే బండెవరు తోలతారు? జీతానికి మనిషిని పెడితే నెల తిరక్కుండా మానేస్తున్నాడు. ఉన్న ఒక్క ఆధారం మూతపడేది." ఆపైన, "సొంత తమ్ముడిలా చూసుకోలేదా నిన్ను?" అన్నాడు.

సిగ్గులేని మాట. తమ్ముడు చెయ్యెత్తాడు, కానీ కొట్టలేకపోయాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మీ అక్కకి చెయ్యకు," అన్నాడు బావ చప్పున. "నా మాట విను... చెయ్యొద్దు."

ఇన్నాళ్ళకి ఈయనకీ భయమేస్తోందే అనుకున్నాడు తమ్ముడు. అక్క వింటే ఈయన్ని గుమ్మం తొక్కనివ్వదు. ఆరేళ్ళుగా అక్క కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడలేదు వాడు. ఇకనుంచి చూడొచ్చు. ఈ ప్రపంచంలో తనవైపు నిలబడే మనిషి ఒకరున్నారు, అది చాలు.

ఒక్క రింగుకే ఎత్తింది.

"అక్కా..." అన్నాడు. "పంపుహౌస్ దగ్గర దిగానక్కా. నేనెవర్నీ చంపలేదు."

చంపడమేమిట్రా అని అరుస్తుందనుకున్నాడు. అక్క ఏమీ అడగలేదు. ఫోనులో వెనకనుంచి వాషింగ్ మెషిను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది... చాలాసేపు.

"మంచులో నిలబడకు. ఇంటికి రా, మాట్లాడుకుందాం," అంది చివరికి. "వచ్చేటప్పుడు ఆ దుప్పటి విప్పి తెచ్చెయ్ తమ్ముడూ... మొన్ననే మార్చాను."