ధాన్యాగారం వాకిట్లో విడిచిన చెప్పులు

గండికోటలో ధాన్యాగారానికి చెడ్డపేరు ఈనాటిది కాదు. దీపాలు పెట్టే వేళ దాటితే లోపల ఎవరో మసలుతా ఉంటారంట... కొండ దిగి జమ్మలమడుగులో ఎవరినడిగినా ఇదే మాట.

ప్రొద్దుటూరు దిల్షాద్‌బీ కూడా విన్నదే. అయినా కోట ఉత్సవాలు చూడాలని కోడలు షహనాజ్‌ను ఎంటబెట్టుకొని వచ్చింది. మసీదు మినార్లు, గుడి గోపురం చూసి చూసి మెడ నొప్పి పుట్టింది. పొద్దు వాలేటప్పుడు ధాన్యాగారంలోకి పోతా చెప్పులు బయట విడిచింది. గింజలు పోసే తావులోకి చెప్పులతో పోతే బర్కత్, గింజకు వృద్ధి, ఉండదని ఆమె నమ్మకం. అక్కడ గింజ లేక ఎన్ని తరాలయిందో ఆమెకెందుకు?

జనం తోసుకుంటే ఇంకో వాకిలి గుండా బయటపడింది. బతుకంతా వట్టికాళ్లతో తిరిగిన మనిషి... గుర్తే రాలేదు.

బస్సు కాడ షహనాజ్ అడిగింది, "అత్తా, చెప్పులు యాడ?"

అవి కొడుకు ఖలీల్ కువైట్ నుంచి పంపినవి. రాత్రికి వాడు ఫోన్లో కాళ్లు చూపించమంటాడు.

"బస్సు నిలపమ్మే. ఇట్ల పోయి అట్ల వస్తా."

చీకటి పడిపోయింది. జనమంతా ఉత్సవాల ఆటపాటల స్టేజీ కాడ ఉన్నారు. ఈ పక్క నరపురుగు లేదు. వాకిట్లో తడిమింది — చెప్పుల్లేవు. లోపల తొంగి చూసింది... ఏదో గీకుతాన్న చప్పుడు. ఆగింది. మళ్లా...

"యాడ పెట్నా... యాడ పెట్నా..."

తెల్లగా, వంగిపోయిన ఆకారం గోడ పట్టుకొని వస్తాంది.

దిల్షాద్‌బీ ఒకడుగు వెనక్కి వేసింది. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగుంటాయని గుర్తొచ్చి, ఫోను లైటు దాని కాళ్ల మీద వేసింది. అప్పుడే ఆ ఆకారమూ ఆమె కాళ్ల మీద లైటు వేసింది.

నాలుగు పాదాలూ ముందుకే ఉన్నాయి. నాలుగూ వట్టివే.

"మనిషివేనామ్మా?" గుసగుసగా అడిగినాడు దువ్వూరు రైతు నారాయణ, తెల్లపంచె ఎగ్గట్టుకుంటా.

"నిన్ను చూసి నేనడగాల ఆ మాట. ఈడ ఏంజేస్తాండావప్పా?"

"చెప్పులమ్మా. గింజల తావని బయట విడిస్తి. ఏ వాకిలో మర్చిపోతి."

"నువ్వూనా..." ఆమెకు నవ్వొచ్చింది.

ఇద్దరూ గోడ చుట్టూ తిరిగి రెండో వాకిలికి పోయినారు. దొరికినాయి. ఎవరో సర్దినట్టు వరసగా ఉన్నాయి — ఆమె కువైట్ చెప్పులు, ఆయన కిర్రుచెప్పులు... పక్కన ఇంకో జత. మందమైన తోలు, మొనలు పైకి వంపు తిరిగినాయి. అట్లాంటివి ఇప్పుడెవరు తొడుగుతారు?

"ఇవి నీవేనాప్పా?"

"నావి కావు."

"లోపల నీతో ఇంకెవరన్నా ఉన్నారా?"

లోపల్నుంచి... చేటతో గింజలు చెరుగుతాన్న చప్పుడు.

దిల్షాద్‌బీ బస్సు కాడికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలీదు. చెప్పులు మాత్రం చంకలో భద్రంగా ఉన్నాయి. నారాయణ ఆమెకన్నా ముందే వచ్చి, వేరే ఊరి బస్సని కూడా చూడకుండా, ఎక్కి కూర్చోనున్నాడు.